ఇంట్లో కంప్యూటర్‌కు ఎంత కాపలా కావాలి?

1. నీలిదీపం

నమస్కారం. ఈ ప్రశ్న అడగడానికి కొంచెం మొహమాటంగానే ఉంది. ఇంట్లో పోరు పడలేక అడుగుతున్నాను.

మాకు ఒక డెస్క్‌టాప్, రెండు ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. నలుగురం వాడతాం. రెండేళ్ల కిందట తెలిసినవాళ్ల ఖాతాను ఎవరో కాజేశారని విన్నాను. అప్పటి నుంచి భయం పట్టుకుంది. ఒక్కొక్కటిగా కట్టుదిట్టాలు పెంచుకుంటూ వచ్చాను. రెండు యాంటీవైరస్‌లు, వాటికి తోడు చెత్త ఊడ్చే ‘క్లీనర్’ ఒకటి. ఎప్పుడూ వీపీఎన్, అంటే మన ఇంటర్నెట్ రాకపోకలను ఇంకో కంపెనీ గుండా మళ్లించేది. ప్రతి నెలా ఒకటో తేదీన అందరి చేతా పాస్‌వర్డ్‌లు మార్పిస్తాను. కెమెరా మీద అట్టముక్క అంటించాను. రాత్రి పడుకునే ముందు రౌటర్ ఆపేస్తాను. బ్రౌజర్ మూయగానే కుకీలన్నీ తుడిచిపెట్టుకుపోయేలా పెట్టాను కాబట్టి ఏ సైటుకు వెళ్లినా మళ్లీ మొదటి నుంచి లాగిన్ కావాల్సిందే.

డెస్క్‌టాప్ తెరుచుకునేలోపు మా అమ్మాయి సగం హోంవర్కు చేత్తోనే రాసేస్తోంది. నిన్న మా ఆవిడ అడిగింది: “ఇంటికి ఇన్ని తాళాలు వేశారు, బాగానే ఉంది. మరి ఇంట్లోవాళ్లం లోపలికి వెళ్లేదెలా?” నా దగ్గర జవాబు లేదు.

ఎంత జాగ్రత్త పడితే చాలు? ఎక్కడ ఆగాలి?

2. సందేహాలరావు

పదిహేనేళ్లుగా ఇవేవీ చేయకుండా హాయిగా ఉన్నాను. అన్ని చోట్లా ఒకటే పాస్‌వర్డ్. ఎవరైనా మార్చమంటే చివర అంకె మారుస్తాను. ఏమీ కాలేదు. అసలు నా దగ్గర దోచుకోవడానికి ఏముంది? నా గుమ్మం ముందు కాచుకుని కూర్చునేంత తీరిక ఏ దొంగకు ఉంటుంది?

3. తెరవెనుక

రావుగారూ, మీ గుమ్మం ముందు ఎవరూ కూర్చోరు. అక్కడివరకు మీరు చెప్పింది నిజమే. కానీ గుమ్మం దగ్గరికి రానక్కర లేకుండానే పని జరిగిపోతుంది.

ఎక్కడో ఒక సైటు గోదాము బద్దలవుతుంది. 2009లో రాక్‌యూ అనే సంస్థ నుంచి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి. వాటిని ఉన్నవి ఉన్నట్టు, మామూలు అక్షరాల్లోనే దాచారు. అన్నిటికన్నా ఎక్కువమంది పెట్టుకున్నది 123456. లింక్డ్‌ఇన్ నుంచి 2012లో పోయినవి 2016లో అమ్మకానికి వచ్చాయి, 11 కోట్ల పైచిలుకు. ఇలాంటి జాబితాలు చేతులు మారుతూనే ఉంటాయి. వాటిలోని ఈమెయిలు, పాస్‌వర్డ్ జంటలను ఒక ప్రోగ్రామ్ తీసుకెళ్లి ఇతర సైట్ల తలుపుల మీద వరసగా ప్రయోగిస్తుంది. దానికి తీరికతో పనిలేదు, అలసట లేదు. మీరెవరో కూడా దానికి అక్కర్లేదు.

2016లో మార్క్ జుకర్‌బర్గ్ ట్విట్టర్, పింటరెస్ట్ ఖాతాలు కొందరికి చిక్కాయి. ఆ లింక్డ్‌ఇన్ జాబితాలో దొరికిన పాస్‌వర్డే పనిచేసిందని ఆ పని చేసినవాళ్లు చెప్పుకున్నారు. ఫేస్‌బుక్ కట్టినాయన కూడా మీలాగే ఒకే తాళంచెవితో కాలక్షేపం చేశాడన్నమాట!

ఇక చివరి అంకె మార్చడం అంటారా, అది ఆ ప్రోగ్రామ్‌లకు మొదటి పాఠం. ‘హ్యావ్ ఐ బీన్ పోన్డ్’ అని ట్రాయ్ హంట్ అనే ఆయన 2013లో పెట్టిన సైటు ఉంది. మీ ఈమెయిలు అందులో కొట్టి చూడండి. ఎక్కడెక్కడ బయటపడిందో చెబుతుంది.

4. పాతకీబోర్డు

నీలిదీపంగారి జాబితా చూస్తే జాలి, గౌరవం రెండూ కలిగాయి. నాకు తోచింది చెబుతాను, కోపగించుకోకండి.

రెండు యాంటీవైరస్‌లలో ఒకటి తీసేయండి. వీలైతే రెండూ. విండోస్ 8 వచ్చిన 2012 నుంచీ డిఫెండర్ పూర్తి స్థాయి యాంటీవైరస్‌గా విండోస్‌తోనే వస్తోంది, మామూలు ఇంటికి అది చాలు. ఇద్దరు కాపలాదారులను ఒకే గుమ్మంలో నిలబెడితే ఒకరి జేబులు ఒకరు తడుముకుంటూ ఉంటారు. మీ డెస్క్‌టాప్ నీరసం అక్కడిదే అనుకుంటాను.

క్లీనర్ కూడా తీసేయండి. 2017లో సీక్లీనర్ అనే పేరుమోసిన ప్రోగ్రామ్‌లోకి, అదీ దాని సొంత సర్వర్ నుంచి దింపుకున్న అసలు ప్రతిలోకే, దొంగ కోడ్ జొరబడింది. ఇరవై లక్షలకు పైగా కంప్యూటర్లలోకి వెళ్లింది. మనం ఎక్కించే ప్రతి ప్రోగ్రామూ ఇంకో తలుపే అన్నది దీన్ని బట్టే తెలుస్తుంది. చెత్త ఊడ్చడానికి పిలిచినవాడికి కూడా తాళంచెవి ఇవ్వాల్సి వస్తుంది కదా.

నెలనెలా పాస్‌వర్డ్ మార్పించడం మానేయండి. ఈ చాదస్తానికి మూలం 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కోసం బిల్ బర్ రాసిన మార్గదర్శకాలు. తరచూ మార్చాలి, పెద్దక్షరం ఉండాలి, అంకె ఉండాలి, గుర్తు ఉండాలి, ఇదంతా అక్కడి నుంచే ప్రపంచమంతా పాకింది. 2017లో నిస్ట్ తన మాట మార్చుకుంది. ఊరికే గడువు పెట్టి మార్పించవద్దని, బయటపడిందని తెలిస్తేనే మార్పించమని చెప్పింది. తాను రాసినవాటిలో చాలా వాటికి చింతిస్తున్నానని బర్ కూడా అదే ఏడాది ఒక పత్రికతో అన్నారు. ప్రతి నెలా మార్చమంటే మనిషి ఏం చేస్తాడు? రావుగారు చేసిందే చేస్తాడు.

వీపీఎన్ అన్నివేళలా అక్కర్లేదు. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్‌తోనే, అంటే దారిలో ఎవరూ చదవలేని సంకేత రూపంలోనే నడుస్తున్నాయి. మీ ఇంటర్నెట్ కంపెనీ చూడగలిగినదాన్ని ఇప్పుడు వీపీఎన్ కంపెనీ చూస్తుంది, అంతే తేడా. ఉచితంగా ఇచ్చేదైతే ఎందుకు ఇస్తున్నాడో ఒకసారి ఆలోచించండి.

కెమెరా మీద అట్టముక్క ఉండనివ్వండి. పుణ్యమే గానీ పాపం లేదు.

రౌటర్ రాత్రి ఆపడం వల్ల నష్టం లేదు, లాభమూ పెద్దగా లేదు. కానీ ఒకటి అడుగుతాను. దాని లోపలి సెట్టింగులకు వెళ్లే పాస్‌వర్డ్, వైఫైది కాదు, లోపలిది, ఎప్పుడైనా మార్చారా? 2016లో మిరాయ్ అనే పురుగు లక్షలాది ఇంటి కెమెరాలను, రౌటర్లను వశం చేసుకుంది. దాని దగ్గర ఉన్న అస్త్రమల్లా ఫ్యాక్టరీలో పెట్టిన పేర్లు, పాస్‌వర్డ్‌ల జంటలు ఓ అరవై. ‘అడ్మిన్, అడ్మిన్’ అన్న రకం. అక్టోబరు 21న ఆ సైన్యం, సైట్ల పేరు చెబితే దారి చూపించే డైన్ అనే సంస్థ మీద పడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి చాలామందికి తెరుచుకోలేదు. రాత్రి రౌటర్ ఆపి, పొద్దున అదే ‘అడ్మిన్’తో లేపితే ఏం ప్రయోజనం?

5. చదువరి

నీలిదీపంగారి అసలు ప్రశ్న ‘ఏవి’ అని కాదు, ‘ఎంత’ అని. దాని గురించి ఒక మాట.

మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగానికి చెందిన కోర్మాక్ హెర్లీ 2009లో ఒక పరిశోధన పత్రం రాశారు. జనం భద్రతా సలహాలను పెడచెవిన పెట్టడం బద్ధకమో మూర్ఖత్వమో కాదు, లెక్క కట్టి చూస్తే అది సబబే అన్నది ఆయన వాదన. సలహా ఇచ్చేవాడు ప్రమాదాన్ని లెక్కేస్తాడు గానీ, ఆ సలహా పాటించడానికి కోట్లమంది రోజూ పెట్టే నిమిషాలను లెక్కెయ్యడు. మనిషి ఓపిక ఉచితంగా, కావలసినంత దొరుకుతుందన్నట్టు మాట్లాడతాడు.

నాకు ఆ మాట నచ్చింది. మీ ఇంట్లో నలుగురికీ రోజుకు ఇంత అని ఓపిక ఉంటుంది. దాన్ని కుకీలు తుడవడానికి, పాత పాస్‌వర్డ్ చివర కొత్త అంకె వెతకడానికి ఖర్చు పెట్టేస్తే, నిజంగా ఆగి చూడాల్సిన ఈమెయిలు వచ్చేసరికి చేతిలో ఏమీ మిగలదు. మీ ఆవిడగారి ప్రశ్నలో ఉన్నదీ ఇదే.

6. పెంగ్విన్‌మిత్రుడు

విండోస్ తీసేసి లైనక్స్ వేసుకోండి. అన్నిటికీ అదే మందు.

7. మౌసురాణి

ఏడో మాటకల్లా పెంగ్విన్ వస్తుందని అనుకున్నాను. ఆరోదానికే వచ్చేసింది.

8. పెంగ్విన్‌మిత్రుడు

నవ్వండి, నవ్వండి. అయినా న్యాయం చెప్పుకోవాలి కాబట్టి చెబుతున్నాను: నకిలీ లాగిన్ పేజీలో మన చేత్తో మనం పాస్‌వర్డ్ కొడితే లైనక్స్ అయినా ఆపలేదు. ఆ ఒక్కటి మినహాయిస్తే, వేసుకోండి.

9. మౌసురాణి

మన చేత్తో మనం అన్నారు కాబట్టి నా కథ చెబుతాను. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, సిగ్గుపడి.

నేను అనువాదాలు చేస్తాను. కంప్యూటర్ ముందే బతుకు. అనుమానపు మెయిల్‌ను ఆమడ దూరం నుంచి పసిగట్టగలనని గొప్ప. ఒక రాత్రి, పొద్దున ఇవ్వాల్సిన పని చేతిలో ఉంది. ఒక పాత ఫైలును వేరే రూపంలోకి మార్చాలి. వెతుకుతుంటే ఒక సైటు దొరికింది. తెరవగానే మామూలుగా వచ్చేదే వచ్చింది: ‘మీరు రోబో కాదని నిరూపించుకోండి’ అని, పక్కన చిన్న గడి. నొక్కాను. ఎప్పుడూ అయితే బస్సులనో ట్రాఫిక్ దీపాలనో ఏరమంటుంది. ఇది మాత్రం మూడు మెట్లు చెప్పింది. మొదట విండోస్ మీటా, ఆర్ అక్షరమూ కలిపి నొక్కండి. తర్వాత కంట్రోల్, వి. చివర ఎంటర్.

నొక్కాను. అవును, నేనే నొక్కాను. వేళ్లు అలవాటు కొద్దీ కదిలిపోయాయి.

ఆ గడి నొక్కినప్పుడే ఆ పేజీ నాకు తెలియకుండా ఒక ఆదేశాన్ని కాపీ చేసి పెట్టింది. విండోస్, ఆర్ నొక్కితే తెరుచుకునేది రన్ పెట్టె, అంటే కంప్యూటర్‌కు నేరుగా హుకుం జారీ చేసే చోటు. కంట్రోల్, వి అంటే ఆ ఆదేశాన్ని అందులో అతికించడం. పెట్టె చిన్నది కాబట్టి ఆదేశం తోక మాత్రమే కనబడుతుంది. ఆ తోకలో ఏం రాసి ఉందనుకున్నారు? ‘నేను రోబోను కాదు, ధ్రువీకరణ సంఖ్య’ అని, పక్కన ఏవో అంకెలు. అసలు విషమంతా ఎడమవైపు, కంటికి ఆనని చోట ఉంది. ఎంటర్ కొట్టగానే నల్లటి కిటికీ ఒకటి రెప్పపాటు మెరిసి మాయమైంది. సైటు తెరుచుకోలేదు. విసుక్కుని ఇంకో సైటుకు వెళ్లి పని ముగించుకున్నాను.

యాంటీవైరస్ కిక్కురుమనలేదు. యజమానే స్వయంగా హుకుం జారీ చేస్తే కాపలాదారు ఏమంటాడు?

మూడో రోజు నా పేరుతో నా స్నేహితులందరికీ పెట్టుబడి పథకాల సందేశాలు వెళ్లడం మొదలైంది. నాకు రెండంచెల ధ్రువీకరణ ఉంది. ఫోనుకు ఒక్క కోడ్ కూడా రాలేదు. ఎందుకంటే దొంగలు ఎత్తుకెళ్లింది పాస్‌వర్డ్ ఒక్కటే కాదు, బ్రౌజర్‌లోని కుకీలు కూడా. ‘ఈమె ఇప్పటికే లోపలికి వచ్చిన మనిషి’ అని సైటు ఇచ్చిన చీటీ అది. ఆ చీటీ చూపిస్తే మళ్లీ ఎవరూ కోడ్ అడగరు.

తర్వాత వేరే పరికరం నుంచి అన్ని పాస్‌వర్డ్‌లూ మార్చాను, ‘అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్’ అన్నది ప్రతి ఖాతాలోనూ వెతికి నొక్కాను, విండోస్ మొత్తం తుడిచి మళ్లీ ఎక్కించాను. రెండు రోజులు పట్టింది. స్నేహితులకు సంజాయిషీ చెప్పుకోవడానికి ఇంకో వారం.

నాకు తెలియక జరగలేదు, అదే బాధ. తొందరలో ఉన్నాను, అందుకు జరిగింది.

10. సందేహాలరావు

ఇది విన్నాక కొంచెం వెన్ను చల్లబడింది. నేను కూడా నొక్కి ఉండేవాణ్ణే.

11. విశ్రాంత అధ్యాపకుడు

అందరికీ నమస్కారం. రాణమ్మా, నీ అనుభవం చెప్పి మంచి పని చేశావు. సిగ్గుపడవలసింది మోసం చేసినవాడు.

నాకు రెండు సందేహాలు. ఒకటి, నేను పాస్‌వర్డ్‌లన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకుని బీరువాలో పెడతాను. మా మనవడు చూసినప్పుడల్లా కోప్పడతాడు. అంత తప్పా? రెండు, సైటు చిరునామా పక్కన తాళం గుర్తు ఉంటే అది మంచి సైటని మాకు నేర్పారు. ఈ మధ్య నా బ్రౌజర్‌లో ఆ తాళమే కనిపించడం లేదు. నా కళ్ల దోషమా?

12. తెరవెనుక

మాస్టారూ, మీ కళ్లు బాగున్నాయి. గూగుల్ 2023లో క్రోమ్ నుంచి ఆ తాళం బొమ్మను తీసేసి వేరే గుర్తు పెట్టింది. కారణం మీరు చెప్పిందే: తాళం ఉంటే సైటు మంచిదని చాలామంది అనుకుంటున్నారు. ఆ తాళం చెప్పేది ఒక్కటే, దారిలో ఎవరూ ఉత్తరం విప్పి చదవలేరని. కవరు గట్టిగా అంటించినంత మాత్రాన చిరునామాలో ఉన్నవాడు పెద్దమనిషి అయిపోడు. ఆ తాళం తెచ్చిపెట్టే ధ్రువపత్రం దొంగ సైట్లకు కూడా నిమిషాల్లో, ఉచితంగా దొరుకుతుంది.

దానికి బదులు చిరునామా చదవడం నేర్చుకుంటే మేలు. మొదట వచ్చే ఒంటి ఏటవాలు గీత (/) దగ్గర ఆగండి, అక్కడి నుంచి వెనక్కి చదవండి. ఉదాహరణకు ‘మీబ్యాంకు.కామ్.లాగిన్‌సహాయం.నెట్’ అని ఉందనుకోండి. మొదట కంటబడేది బ్యాంకు పేరే. కానీ ఆ ఇంటి యజమాని చివర ఉన్న ‘లాగిన్‌సహాయం.నెట్’. ముందున్నదంతా అతను గోడకు తగిలించుకున్న బోర్డు.

నోటుపుస్తకం తప్పు కాదు. ఇంటర్నెట్ దొంగ మీ బీరువా తెరవలేడు. ఇంటికి వచ్చే దొంగకు మీ పాస్‌వర్డ్‌లు అక్కర్లేదు. ఒక్కో సైటుకు ఒక్కో పొడవైన పాస్‌వర్డ్ పెట్టి పుస్తకంలో రాసుకున్న మీరు, ఒకటే పెట్టి బుర్రలో దాచుకున్న రావుగారి కన్నా ఎంతో భద్రంగా ఉన్నారు. మీ మనవడికి నా పేరు చెప్పండి. ఇంకా అనుమానంగా ఉంటే, ప్రతిదాని చివరా మీకు మాత్రమే తెలిసిన నాలుగక్షరాలు రాయకుండా వదిలేయండి.

13. సందేహాలరావు

అందరూ నా మీదే పడ్డారు. సరే. మరి ఈ పాస్‌వర్డ్ మేనేజర్లు వాడమంటారు కదా, తాళంచెవులన్నీ ఒకే గుత్తికి కట్టి ఆ గుత్తి ముక్కూ మొహం తెలియనివాడి చేతిలో పెట్టడం కాదా? లాస్ట్‌పాస్ అనే మేనేజర్ గతి ఏమైంది?

14. పాతకీబోర్డు

సరైన ప్రశ్నే అడిగారు. 2022లో లాస్ట్‌పాస్ నుంచి ఖాతాదారుల పాస్‌వర్డ్ పెట్టెల నకళ్లు దొంగలకు చిక్కాయి. పాస్‌వర్డ్‌లు సంకేత రూపంలోనే ఉన్నా, సైట్ల చిరునామాలు మాత్రం బాహాటంగానే ఉన్నాయి. పెట్టె తెరిచే అసలు పాస్‌వర్డ్‌ను బలహీనంగా పెట్టుకున్నవాళ్లు చిక్కుల్లో పడ్డారు. దాన్ని చిన్న విషయం అనను.

అయినా వాడమనే అంటాను, ఒక చిన్న కారణానికి. మేనేజర్ కంటితో చూడదు, చిరునామాతో పోల్చుకుంటుంది. పేజీ అచ్చం మీ బ్యాంకులాగే ఉన్నా, చిరునామా ఒక్క అక్షరం తేడా ఉంటే అది పాస్‌వర్డ్ నింపదు. ‘ఇవాళ నింపడం లేదేమిటి?’ అని మీరు ఆగే ఆ క్షణమే మీకు దక్కే లాభం. పాస్‌వర్డ్‌కు బదులు మన ఫోనులోనో కంప్యూటర్‌లోనో ఉండే పాస్‌కీలదీ ఇదే సూత్రం, ఇంకా గట్టిది. అవి అసలు సైటుకు తప్ప ఇంకెవరికీ పలకవు. ఎక్కడ పాస్‌కీ పెట్టుకునే వీలుంటే అక్కడ పెట్టుకోండి. మేనేజర్ మీద నమ్మకం కుదరకపోతే మాస్టారి నోటుపుస్తకం ఉండనే ఉంది.

పెట్టె తెరిచే పాస్‌వర్డ్‌కు పాచికల పద్ధతి బాగుంటుంది. ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ 1995లో పెట్టినది. 7776 మాటల జాబితా ఉంటుంది. పాచిక అయిదుసార్లు వేసి, వచ్చిన అయిదంకెల సంఖ్య పక్కనున్న మాట రాసుకోవాలి. అలా ఆరు మాటలు. ‘గొడుగు నిచ్చెన బెల్లం పిచ్చుక తుప్పు వాయిదా’ అన్నట్టు వస్తాయి. అర్థం ఉండదు, అందుకే బలం. దయచేసి సామెతలూ పద్యపాదాలూ పెట్టకండి. మీకు కంఠతా వచ్చినది ఇంకో లక్షమందికీ వస్తుంది.

15. పిల్లకాలువ

మా అన్నయ్య డబ్బు కట్టాల్సిన ఆటను ఉచితంగా ఇస్తామన్న సైటు నుంచి దింపాడు. దానితో వచ్చిన సూచనల్లో మొదటి వాక్యం: ‘ముందుగా యాంటీవైరస్ ఆపండి.’ ఆపాడు! తర్వాతి సంగతి చెప్పక్కర్లేదు కదా.

ఇంకోటి. విండోస్ మామూలుగా ఫైలు పేరు చివరనున్న తోకను దాచేస్తుంది. ‘బిల్లు.పీడీఎఫ్’ అని కనబడేది నిజానికి ‘బిల్లు.పీడీఎఫ్.ఈఎక్స్ఈ’, అంటే ప్రోగ్రామ్ కావచ్చు. 2000 మేలో వచ్చిన ఐలవ్‌యూ పురుగు సరిగ్గా ఇదే ఎత్తు వేసింది. ప్రేమలేఖ అని, టెక్స్ట్ ఫైలు అని కనబడింది, తోక మాత్రం వీబీఎస్, అదీ ప్రోగ్రామే. అప్పటికి నేను పుట్టలేదు, అయినా ఆ సెట్టింగు ఇప్పటికీ అలాగే ఉంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘వ్యూ’కు వెళ్లి తోకలు కనబడేలా పెట్టుకోవచ్చు.

16. చదువరి

ఇంతసేపూ దొంగలు రాకుండా చూడటం గురించే మాట్లాడుకున్నాం. వస్తే? నీలిదీపంగారి జాబితాలో ఒక్క మాట నాకు కనబడలేదు: బ్యాకప్.

2017 మే 12న వన్నాక్రై అనే పురుగు విరుచుకుపడి దాదాపు 150 దేశాల్లో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది. రెండు నెలలు ‘తర్వాత గుర్తుచెయ్యి’ అని నొక్కుతూ వచ్చినవాళ్ల కంప్యూటర్లు చిక్కాయి. అప్‌డేట్లు వాటంతటవే ఎక్కేలా పెట్టండి, అంతకుమించి దాని గురించి ఆలోచించనక్కర లేదు. విండోస్ 10కు అప్‌డేట్లు అందే మామూలు గడువు 2025 అక్టోబరు 14తో ముగిసిందని మాత్రం గుర్తుంచుకోండి. అదనపు గడువుకు నమోదు చేసుకోనివాళ్ల కంప్యూటర్లలో కన్నాలు ఇక పూడవు.

ఇక బ్యాకప్. ముఖ్యమైనవాటికి మూడు ప్రతులు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి ఇంటి బయట అని లెక్క చెబుతారు. డ్రైవ్‌ను ఎప్పుడూ కంప్యూటర్‌కు తగిలించి ఉంచకండి. ఫైళ్లకు తాళం వేసే పురుగు దానికీ వేసేస్తుంది. దొంగ వచ్చినా రాకపోయినా డిస్కు మాత్రం ఎప్పుడో ఒకరోజు చస్తుంది. అది తప్పదు.

అన్నట్టు, బ్యాకప్ తీసినవాళ్లలో దాన్ని ఒక్కసారైనా తెరిచి చూసినవాళ్లు ఎందరో చేతులెత్తండి.

17. పెంగ్విన్‌మిత్రుడు

నా చెయ్యి లేవలేదు.

18. తెరవెనుక

నేను కంప్యూటర్ సహాయ విభాగంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. నా బల్ల దగ్గరికి వచ్చేవాటిలో సినిమాల్లో చూపించే హ్యాకింగ్ ఒక్కటీ లేదు.

‘కంప్యూటర్ నిండా వైరస్‌లని స్క్రీన్ మూలనుంచి హెచ్చరికలు వస్తున్నాయి’ అని వస్తారు. చూస్తే, ఎప్పుడో ఏదో సైటు ‘నోటిఫికేషన్లు పంపవచ్చా?’ అంటే సరేనన్నారు. అవి ఆ సైటు పంపే ప్రకటనలు, హెచ్చరికల వేషంలో. బ్రౌజర్ సెట్టింగుల్లో నోటిఫికేషన్ల అనుమతులకు వెళ్లి ఆ సైటు పేరు తీసేస్తే రెండు నిమిషాల్లో గప్‌చుప్. దాన్ని చూసి బెదిరి, అందులోనే ఉన్న నంబరుకు ఫోను చేసి, అవతలివాడు చెప్పాడని స్క్రీన్ అప్పగించే ప్రోగ్రామ్ ఎక్కించుకున్నవాళ్ల పని మాత్రం రెండు నిమిషాల్లో తేలదు. తనంతట తానుగా ఫోను చేసి మీ కంప్యూటర్ బాగాలేదని చెప్పే కంపెనీ ఏదీ లేదు.

నన్ను ఒక్కటే చెప్పమంటే ఈమెయిల్ ఖాతా అంటాను. మిగతా అన్ని ఖాతాల ‘పాస్‌వర్డ్ మర్చిపోయారా?’ లింకులూ వచ్చి పడేది అక్కడే. అది పోతే అన్నీ పోయినట్టే. దానికి వేరెక్కడా వాడని పాస్‌వర్డ్, రెండంచెల ధ్రువీకరణ, వీలైతే ఎస్సెమ్మెస్ కాకుండా యాప్‌తో. ఆ పైన జనం ఎప్పుడూ తెరవని పేజీ ఒకటుంది: ఖాతా తిరిగి పొందడానికి ఇచ్చిన ఫోను నంబరు, రెండో ఈమెయిలు. నీలిదీపంగారూ, మిగతావన్నీ పక్కన పెట్టి ఈ రాత్రికి అది ఒక్కటి చూడండి. పనిలో పనిగా, మీ మెయిళ్లను ఇంకెక్కడికైనా దారి మళ్లించే నియమం ఏదైనా ఉందేమో కూడా.

19. నీలిదీపం

చూశాను. ఇంకా తేరుకోలేదు.

తిరిగి పొందే నంబరుగా ఉన్నది నేను వదిలేసి చాలా ఏళ్లయిన పాత నంబరు. ఊరికే ఫోను చేసి చూశాను. మోగింది! ఎవరో పెద్దావిడ ఎత్తి “ఎవరు కావాలి నాయనా?” అన్నారు. ఏం చెప్పను? మీరు తలచుకుంటే మా ఇంటిల్లిపాది ఖాతాలూ మీవే అని చెప్పనా? తప్పు నంబరండీ అని పెట్టేశాను. రెండేళ్లుగా నెలనెలా ముందు తలుపు తాళం మారుస్తున్నాను, పెరటి తలుపు చెవి ఆవిడ చేతిలో ఉంది.

రెండో ఈమెయిలు ఇప్పుడు మూతపడిన సైటుది. రెండూ మార్చాను. రౌటర్ లోపలి పాస్‌వర్డ్ ‘అడ్మిన్’ అనే ఉంది, అదీ మార్చాను.

ఇక చదువరిగారి ప్రశ్న. నాకు బ్యాకప్ ఉంది, రాయడం మర్చిపోయానంతే. డ్రైవ్ తీసి తగిలిస్తే ఫోల్డర్లన్నీ కనబడ్డాయి. పిల్లల చిన్నప్పటి ఫొటోల ఫోల్డర్ తెరిస్తే లోపల షార్ట్‌కట్‌లు మాత్రమే ఉన్నాయి. ఫొటోలు లేవు. ఆరేళ్ల కిందట కాపీ చేసినప్పుడు డెస్క్‌టాప్ మీదున్న షార్ట్‌కట్‌లను కాపీ చేశానన్నమాట. అదృష్టం, అసలువి ఇంకా ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. ఇది రాస్తుండగానే కాపీ అవుతున్నాయి.

క్లీనర్, రెండో యాంటీవైరస్ తీసేశాను. కుకీలు వదిలేశాను. అట్టముక్క ఉంది. మా ఆవిడ ఇవాళ డెస్క్‌టాప్ తెరిచి, కూర్చోకుండానే తెరుచుకుందే అని ఆశ్చర్యపోయింది.

20. విశ్రాంత అధ్యాపకుడు

నేనూ ఆ పేజీ చూశాను. నా ఖాతాకు తిరిగి పొందే నంబరుగా మా మనవడి నంబరు ఉంది. నోటుపుస్తకం మీద వాడికి ఎందుకంత కోపమో ఇప్పుడు అర్థమైంది, దానితో వాడికి పనిలేదు!

21. సందేహాలరావు

ఆ ట్రాయ్ హంట్ సైటులో నా ఈమెయిలు కొట్టాను. ఏడు చోట్ల బయటపడిందట. అందులో రెండు సైట్లలో నాకు ఖాతా ఉన్నట్టే గుర్తులేదు.

ఎవరూ ఏమీ అనకండి. పాతకీబోర్డుగారూ, ఇంట్లో పాచిక లేదు. నాణెం ఎగరేస్తే కుదురుతుందా?

22. పాతకీబోర్డు

కుదురుతుంది. కానీ ఒక్కో మాటకు పదమూడుసార్లు ఎగరేయాలి. బొమ్మకు సున్న, బొరుసుకు ఒకటి రాసుకుంటూ పోతే బైనరీ లెక్కలో 0 నుంచి 8191 వరకు వస్తుంది. 7775 దాటితే ఆ మాటకు మళ్లీ మొదటి నుంచి. ఆరు మాటలంటే డెబ్బై ఎనిమిదిసార్లు, తక్కువలో తక్కువ.

23. సందేహాలరావు

పాచికే కొంటాను.